ఫ్రీ ఇంప్రవైజేషన్ సాయంత్రం పెట్టాలంటే: గొంతు, వాయిద్యాలు, ఎలక్ట్రానిక్స్ కలిపి, మొదటి ఫోన్ నుంచి చివరి కేబుల్ దాకా

నేను మొదటిసారి ఇలాంటి, అంటే ముందేమీ రాసుకోకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే సాయంత్రం పెట్టినప్పుడు ఏడుగురిని పిలిచాను, ఏడుగుర్నీ ఒకేసారి కూర్చోబెట్టాను, ఇక మీ ఇష్టం అని పక్కకొచ్చేశాను. ఇద్దరు లాప్‌టాప్ వాళ్ళు, ఒక ఎలక్ట్రిక్ గిటారు, ఒక సాక్సోఫోన్, డ్రమ్స్, చెల్లో, ఒక గాయని. మొదటి ఐదు నిమిషాలు బానే నడిచింది, తర్వాత ఒకళ్ళ శబ్దం మీద ఇంకొకళ్ళు ఎక్కడం మొదలైంది, పావుగంటకల్లా అంతా కలిసి ఒక గోడైపోయింది, ఆ గోడ వెనక ఆవిడ నోరు కదలడం కనిపిస్తోంది గానీ ఒక్క ముక్క వినపడట్లేదు. యాభై నిమిషాలు అలాగే. అయిపోయాక ఆవిడ బ్యాగు సర్దుకుంటూ చాలా మర్యాదగా అడిగింది, "ఇవాళ నేను పాడానా అండీ?" అని. నేనేం చెప్పాలో తెలీక కేబుళ్ళు చుట్టడం మొదలెట్టాను.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు పెట్టాను, కొన్ని కుదిరాయి, కొన్ని బెడిసికొట్టాయి. వాటన్నిటి నుంచి నేను నేర్చుకున్నది ఏంటంటే, ఇలాంటి కచేరీని గదిలో అందరికంటే చిన్న శబ్దం చేసే మనిషి దగ్గర్నుంచి కట్టుకుంటూ రావాలి. మైకులు, కుర్చీలు, ఎవరి పక్కన ఎవరు, ఏది ముందు ఏది తర్వాత, అన్నీ ఆ మనిషి వినపడేలా ఉన్నాయా లేదా అని చూసుకుంటే మిగతావాటిలో సగం వాటంతటవే సర్దుకుంటాయి. మామూలుగా అందరం చేసేది దీనికి రివర్స్, పెద్ద స్పీకర్లు తెచ్చి డ్రమ్స్‌కి సరిపోయేలా అన్నీ పెంచుకుంటూ పోతాం.

కొత్తవాళ్ళకి ఒక్క మాట చెప్పి అసలు విషయంలోకి వెళ్తాను. మనోధర్మ సంగీతంలో కూడా అప్పటికప్పుడు అల్లుకునేదే ఉంటుంది, కానీ అక్కడ రాగం ఉంది, తాళం ఉంది, శ్రుతి ఉంది. ఫ్రీ ఇంప్రవైజేషన్‌లో ఆ మూడూ ముందే ఒప్పుకున్నవి కావు. రావచ్చు, రాకపోవచ్చు. అందుకే "ఏ ప్లానూ అక్కర్లేదు" అనుకుంటారు. నిజానికి పాట రాసి ఉంటే ఆ పాటే మనల్ని కాపాడుతుంది, ఇక్కడ అదీ లేదు కాబట్టి పాట తప్ప మిగతా అన్నిటికీ ప్లాన్ కావాలి.

ముందు మనుషులు

ఆరుగురు చాలు. ఇద్దరు గొంతు వాళ్ళు, ఇద్దరు మామూలు వాయిద్యాల వాళ్ళు, ఇద్దరు ఎలక్ట్రానిక్స్. ఆరుగురిలోంచి ఇద్దరిద్దరు చొప్పున తీస్తే 15 జతలు, ముగ్గురు చొప్పున అయితే 20 జట్లు వస్తాయి, అంటే ఒక సాయంత్రానికి కావాల్సిన దానికంటే చాలా ఎక్కువే చేతిలో ఉంటుంది. డెరెక్ బైలీ అనే ఇంగ్లీషు గిటారిస్టు 1977లో మొదలుపెట్టిన కంపెనీ వీక్‌లో చేసింది ఇదే, అంతకుముందు ఒకరితో ఒకరు ఎప్పుడూ వాయించని వాళ్ళని కూడా పిలిచి చిన్న జట్లుగా కలపడం, విడదీయడం, మళ్ళీ వేరేగా కలపడం. అందరూ కలిసి వాయించేది పెడితే చివర్లో ఒక్కటి పెట్టండి, లేదా అసలు పెట్టకండి.

పిలిచిన ఆరుగురిలో గొంతు వాళ్ళు ఒక్కరే ఉండేలా మాత్రం చెయ్యకండి. ఒక్కరే ఉంటే వినేవాళ్ళ చెవి వాళ్ళని మెయిన్ సింగర్ అనేసుకుంటుంది, మిగతా వాళ్ళంతా వెనక వాయించేవాళ్ళు అయిపోతారు. ఇద్దరుంటే ఆ లెక్క చెడిపోతుంది. ఇక్కడ గొంతు అంటే పాటే కానక్కర్లేదు, ఊపిరి, గుసగుస, నాలుకతో టిక్కులు, ఒకేసారి రెండు స్వరాలు పలికించడం, అర్థంలేని అక్షరాలు, ఏదైనా. ఫిల్ మింటన్ అనే బ్రిటిష్ గాయకుడు ఫెరల్ కోయిర్ పేరుతో అసలు పాడటం రానివాళ్ళని కూడా పోగేసి ఇలాంటివన్నీ చేయిస్తుంటాడు. కాబట్టి మీ దగ్గర శిక్షణ ఉన్న గొంతు లేదని ఆగిపోవాల్సిన పని లేదు, కాకపోతే అరుపుల్లాంటివి చేసేవాళ్ళు ముందు గొంతు వేడి చేసుకోవాలి, నీళ్ళు దగ్గర పెట్టుకోవాలి, నొప్పి అనిపించగానే ఆపెయ్యాలి.

ఎవర్ని పిలవాలి అనేదానికి నా కొలత ఒక్కటే, ఆ మనిషి వేరేవాళ్ళ కచేరీకి వచ్చినప్పుడు ఎలా వింటాడో చూడండి. వాయించడంలో ఎంత మొనగాడైనా, వినడం రానివాడు ఈ పనికి పనికిరాడు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరు అన్న సామెత దీని కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు.

పిలిచినప్పుడే ఫోన్లో ఇవి అడిగేయండి: మీరు చేసే అతి చిన్న శబ్దం ఏంటి, అతి పెద్దది ఏంటి, మైకు కావాలా, ఎన్ని ప్లగ్గులు, ఎంత టేబుల్, మీ దగ్గర్నుంచి వచ్చే కేబుల్ చివర ఏ పిన్ను ఉంటుంది, సొంత స్పీకర్ ఉందా. డబ్బు సంగతి కూడా అప్పుడే. టికెట్ డబ్బులు సమానంగా పంచుతారా, ఖర్చులు ముందు తీస్తారా, ఏమీ రాకపోతే ఏంటి, అన్నీ ముందే చెప్పేస్తే తర్వాత మొహాలు మాడ్చుకోవడం ఉండదు.

గదిని వినండి

హాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు మాట్లాడకండి. లోపలికెళ్ళి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఏసీ, ఫ్యాన్లు, ఫ్రిజ్, ట్యూబ్‌లైటు గుయ్‌మనడం, బయట రోడ్డు, పక్క గదిలో కుర్చీలు లాగడం. ఇవన్నీ మీ కచేరీలో వాయించబోతున్నాయి. ఏవి ఆపగలరో ఒక్కొక్కటే ఆపి వినండి, తేడా చూసి మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆపలేనివి ఆ రోజు జట్టులో ఒకళ్ళు అనుకోవాల్సిందే. 1952 ఆగస్టు 29న వుడ్‌స్టాక్‌లో డేవిడ్ ట్యూడర్ పియానో ముందు కూర్చుని నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లు ఒక్క స్వరం కూడా మోగించలేదు, అప్పుడు బయట గాలి, పైకప్పు మీద వాన చినుకులు, విసుగొచ్చి లేచిపోతున్న జనం మాటలు వినపడ్డాయని ఆ ముక్క కట్టిన అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ తర్వాత చెప్పాడు. ఖాళీగా ఉన్న గదిలో కూడా సౌండ్ ఉంటుంది, మీరు దాని మీద వాయిస్తారు.

తర్వాత చప్పట్లు. మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కటి కొట్టి అది ఎంతసేపు నిలుస్తుందో వినండి, తర్వాత మూలల్లో. ఎక్కువసేపు నిలిచే గదైతే డ్రమ్స్, వేగంగా మాటలు పలికే గొంతు అన్నీ ముద్దయిపోతాయి, సాగదీసిన స్వరాలు మాత్రం అద్భుతంగా ఉంటాయి. పాలిన్ ఒలివెరోస్ అనే అమెరికన్ స్వరకర్త 1988లో వాషింగ్టన్ రాష్ట్రంలో భూమి లోపల కట్టిన ఒక ఖాళీ నీళ్ళ ట్యాంకులోకి దిగి ఇద్దరు తోటి సంగీతకారులతో రికార్డు చేసింది, అక్కడ ఒక శబ్దం చచ్చిపోవడానికి 45 సెకన్లు పట్టేదట. అంత మార్మోగే చోట నువ్వు వాయించింది ముప్పావు నిమిషం దాకా నీతోనే ఉంటుంది, మెల్లగా వాయించడం తప్ప ఇంకో దారి లేదు. అంటే గది మంచిదా చెడ్డదా అని కాదు, ఈ గదికి ఎలాంటి జట్లు నప్పుతాయి అని ఆలోచించాలి.

ఇంకో పరీక్ష ఉంది, ఇది నాకు చాలా ఇష్టం, టైముంటే తప్పకుండా చెయ్యండి. ఆల్విన్ లూసియర్ అనే అమెరికన్ స్వరకర్త 1969లో ఒక గదిలో కూర్చుని కొన్ని వాక్యాలు చదివి రికార్డు చేశాడు, ఆ రికార్డింగుని అదే గదిలో స్పీకర్‌లో వేసి మళ్ళీ రికార్డు చేశాడు, దాన్ని మళ్ళీ వేసి మళ్ళీ రికార్డు, అలా చేసుకుంటూ పోతే మాటలు కరిగిపోయి ఆ గదికి ఇష్టమైన స్వరాలు మాత్రమే మోగుతూ మిగిలాయి. మీరు కూడా మీ హాల్లో ఒక స్పీకర్, ఒక రికార్డర్ పెట్టుకుని ఆరేడు సార్లు చేసి చూడండి. చివర్లో మోగుతున్నాయి చూశారా ఆ రెండు మూడు స్వరాలు, రాత్రి మైకు కూతపెట్టేది చాలావరకు అక్కడే. మిక్సర్‌లో ఆ ఫ్రీక్వెన్సీల దగ్గర మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించి పెట్టుకుంటే సౌండ్ చెక్‌లో గంట మిగులుతుంది.

కూర్చోబెట్టడం

స్టేజి ఎక్కించకండి, వీలైతే. వాయించేవాళ్ళని నేల మీదే చంద్రవంకలాగా, ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనపడేలా కూర్చోబెట్టి జనాన్ని చుట్టూ పెడితే సగం సమస్యలు పోతాయి. శబ్దం ఒక మీటరు దూరం పోవడానికి దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది, పది మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ముప్పై మిల్లీసెకన్ల ఆలస్యంగా వినపడతారు, అప్పుడు చిన్న చిన్న టిక్కులతో ఆడుకోవడం కుదరదు. నాలుగైదు మీటర్లలో అందరూ ఉండేలా చూసుకోండి. గొంతు వాళ్ళు మధ్యలో. డ్రమ్స్ గొంతు మైకుకి వెనక వైపు, అంటే మైకు సరిగ్గా వినని వైపు.

సౌండ్, దీని మీద ఎంత టైము పెట్టినా తక్కువే

ముందు పెద్ద నిర్ణయం: అందరి శబ్దాన్నీ ఒకే మిక్సర్‌లో పోసి రెండు పెద్ద స్పీకర్లలోంచి వదలడమా, లేక ఎలక్ట్రానిక్స్ వాళ్ళకి ఎవరి స్పీకర్ వాళ్ళ పక్కనే పెట్టడమా. నేను గట్టిగా రెండోదే అంటాను. చెల్లో శబ్దం చెల్లో దగ్గర్నుంచే వస్తుంది, మరి లాప్‌టాప్ శబ్దం మాత్రం గోడల మీంచి దేవుడి గొంతులా రావడం ఎందుకు? పక్కనే చిన్న స్పీకర్ ఉంటే లాప్‌టాప్ మనిషికి తను ఎంత గట్టిగా ఉన్నాడో తనకే తెలుస్తుంది, అదీ అసలు లాభం. పెద్ద స్పీకర్ల ముందు వాయించేవాళ్ళు కూర్చుంటే వాళ్ళకి తమ లెవెల్ తెలీదు, పెంచుతూనే ఉంటారు, ఎవర్నీ తిట్టడానికి లేదు. చిన్న గదుల్లో, యాభై అరవై మంది దాకా, గొంతుకి తప్ప పెద్ద స్పీకర్లు అవసరమే లేదు.

ఇప్పుడు లెవెల్స్ పెట్టే పద్ధతి. ఇది నేను ఆ మొదటి దెబ్బ తర్వాత పట్టుకున్నది. గొంతు మనిషిని మైకు ముందు కూర్చోబెట్టి, పెదాలు మూసుకుని చాలా మెల్లగా హమ్ చెయ్యమనండి, మీరు చివరి వరసలో కూర్చోండి. గొంతుని హాయిగా వినపడే చోట పెట్టండి. తర్వాత ఒక్కొక్క ఎలక్ట్రానిక్స్ మనిషినీ ఆ హమ్ నడుస్తుండగా తన శబ్దం మెల్లగా పెంచమనండి, హమ్ మునిగిపోబోయే క్షణంలో మీరు చెయ్యెత్తండి, అక్కడ ఫేడర్ పక్కన టేపు ముక్క అంటించండి. అది ఇంటి గీత. రాత్రి అంతా ఆ గీత దాకే ఉండాలని కాదు, దాటొచ్చు, కానీ దాటినప్పుడు ఆ మనిషికి "నేనిప్పుడు గొంతుని ముంచుతున్నాను" అని తెలిసి దాటుతాడు. తెలిసి ముంచడం సంగీతం, తెలీక ముంచడం యాక్సిడెంట్. రెండు గంటల సౌండ్ చెక్‌లో ఇరవై నిమిషాలు దీనికే ఇవ్వండి, ఇంకేదైనా వదిలేసినా పర్లేదు.

గొంతు మైకుకి మామూలు డైనమిక్ కార్డియాయిడ్ మైకు (ముందు నుంచి బాగా, వెనక నుంచి తక్కువ వినేది) చాలు, పెదాలకి నాలుగైదు వేళ్ళ దూరం. దగ్గరికి పోయేకొద్దీ కింది స్వరాలు ఉబ్బుతాయి, కొంతమంది దాన్నే వాయిద్యంలా వాడుకుంటారు, మంచిదే. అక్కర్లేనప్పుడు 80, 100 హెర్ట్జ్ కింద కోసెయ్యండి, కాళ్ళ చప్పుడు, మైకు స్టాండు గుడుగుడు పోతాయి. మానిటర్, అంటే పాడేవాళ్ళ వైపు తిప్పిన స్పీకర్, పెడితే కార్డియాయిడ్‌కి సరిగ్గా వెనక, సూపర్‌కార్డియాయిడ్ మైకైతే సూటిగా వెనక కాదు, వెనక పక్కకి కాస్త వారగా, ఎందుకంటే దానికి తిన్నగా వెనక నుంచి కొంచెం వినపడుతుంది. కూత వస్తే అన్నీ తగ్గించడం కంటే ముందు మైకు దగ్గరికి గొంతుని తీసుకురండి. దూరం సగమైతే ఆరు డెసిబెల్స్ ఊరికే వస్తాయి, అంత మేర గెయిన్ తగ్గించుకోవచ్చు.

గొంతుని లాప్‌టాప్‌లోకి పంపి అక్కడ ముక్కలు చేసి తిప్పి వదలడం చాలామందికి సరదా. చెయ్యండి, కానీ మిక్సర్‌లో ఆక్స్ సెండ్ నుంచి, అంటే ఆ ఛానెల్ కాపీని వేరే చోటికి పంపే దారిలోంచి, పంపండి, అసలు గొంతు ఎప్పుడూ విడిగా తన దారిలోనే ఉండాలి. ఇంకోటి, అడగాలి. వేరేవాళ్ళ గొంతుని వాళ్ళ ముందే లూపులో పెట్టి వాళ్ళు ఆగిపోయాక కూడా ఐదు నిమిషాలు తిప్పడం అంటే వాళ్ళని గదిలోంచి బయటికి పంపి వాళ్ళ చొక్కా మీరేసుకోవడం లాంటిది. ఒకసారి నాకు తెలిసిన ఒక గాయని పాపం తన లూపు ఆగేదాకా నోరు మూసుకుని కూర్చుంది, ఎనిమిది నిమిషాలు. ఆపే బటన్ ఎవరి చేతిలో ఉంటుందో ముందే తేల్చుకోండి. గొంతు మనిషి కాలి కింద ఒక చిన్న ఫుట్‌స్విచ్ పెడితే అన్నిటికంటే మేలు.

ఇక చిన్న చిన్నవి, గబగబా చెప్పేస్తాను. లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే గుయ్‌మని వస్తే మధ్యలో ఐసొలేషన్ ఉన్న డీఐ బాక్సు (సిగ్నల్ని మిక్సర్‌కి నప్పేలా మార్చే చిన్న డబ్బా) పెట్టండి, అందరి ప్లగ్గులూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి, ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ పీకకండి, అది ప్రాణాలతో చెలగాటం. వస్తువులకి అంటించే కాంటాక్ట్ మైకులు, అంటే పియెజో బిళ్ళలు, మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే కింది స్వరాలన్నీ పోయి రేకు డబ్బాలా మోగుతాయి, ఒక మెగాఓమ్ దాకా ఇంపీడెన్స్ ఉన్న ఇన్‌పుట్ కావాలి, గిటారు పెట్టుకునే ఇన్‌పుట్ సాధారణంగా సరిపోతుంది. మిక్సర్ నుంచి కేబుల్లోనే మైకుకి వెళ్ళే 48 వోల్టుల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్, వేసేముందు ఆ ఛానెల్ మ్యూట్ చెయ్యండి, పాత రిబ్బన్ మైకులుంటే వాటికి వెళ్ళకుండా చూడండి. స్పీకర్లు అన్నిటికంటే చివర్న ఆన్, అన్నిటికంటే ముందు ఆఫ్.

లాప్‌టాప్‌లో నోటిఫికేషన్లు, వైఫై, స్క్రీన్ సేవర్, అప్‌డేట్లు అన్నీ చచ్చిపోవాలి. నిశ్శబ్దం మధ్యలో మెయిలొచ్చిన టింగుమనే శబ్దం నా లాప్‌టాప్ నుంచే వచ్చింది ఒకసారి, ఇంకెవర్నీ అనడానికి లేదు. బఫర్ సంగతి, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కోసారి ఎన్ని శాంపిళ్ళ మూటగా తీసుకుంటుందో అది: సెకనుకి 48 వేల శాంపిళ్ళ దగ్గర 128 బఫర్ అంటే మూడు మిల్లీసెకన్లు కూడా ఉండదు, 512 అంటే దాదాపు పదకొండు, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ రెండు వైపులా లెక్కేసుకోవాలి. వేరేవాళ్ళతో టిక్కు టిక్కు ఆటలాడాలంటే తక్కువ, పెద్ద మేఘాల్లాంటి శబ్దాలైతే ఎక్కువున్నా పర్లేదు, మధ్యలో పటపటమని విరగకుండా ఉంటుంది. ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్ అనే శబ్దాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే, వాటిలో మీరే కట్టుకున్నది వాడితే అవుట్‌పుట్‌కి ముందు తప్పనిసరిగా ఒక లిమిటర్, అంటే శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది, పెట్టండి. ఫీడ్‌బ్యాక్ లూపులో ఒక చుక్క తప్పు పడితే సెకనులో వందో వంతులో స్పీకరూ పోతుంది, చెవులూ పోతాయి. మిక్సర్ అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌లోకే తిప్పి వాయించే నో-ఇన్‌పుట్ వాళ్ళకి ఇది మరీ ముఖ్యం. తోషిమారు నకమురా లాంటి వాళ్ళు దాన్ని ఊదొత్తి పొగంత సన్నగా వాయిస్తారు, కొత్తగా మొదలెట్టినవాళ్ళ చేతిలో అదే మిక్సర్ సైరన్ అవుతుంది.

చెవుల లెక్క కూడా చెప్తాను. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు, ప్రతి మూడు డెసిబెల్స్‌కీ టైము సగం, అంటే 100 దగ్గర పావుగంటే. తలుపు దగ్గర ఇయర్ ప్లగ్గుల డబ్బా పెట్టండి, ఏ భాగం గట్టిగా ఉంటుందో ముందే చెప్పండి.

వాయించేముందు ఆడుకోవాల్సిన ఆటలు

రిహార్సల్ అంటే ముక్కల్ని ప్రాక్టీస్ చెయ్యడం కాదిక్కడ, చెవుల్ని ఒక దారికి తేవడం. జాన్ స్టీవెన్స్ అనే డ్రమ్మర్ లండన్‌లో ఏళ్ళ తరబడి చేయించిన రెండు ఆటలు ఇప్పటికీ వీటిని మించినవి లేవు. ఒకటి: ప్రతివాళ్ళూ ఒక స్వరం ఒక ఊపిరి ఉన్నంతసేపు పట్టుకోవాలి, ఊపిరి తీసుకోవాలి, మళ్ళీ పట్టుకోవాలి. రెండోది దానికి రివర్స్, వీలైనంత చిన్న శబ్దం, టిక్, అంతే. దీనికి నేను కలిపింది ఏంటంటే లాప్‌టాప్ వాళ్ళు, సింథ్ వాళ్ళు కూడా తమ సొంత ఊపిరి కొలతే వాడాలి, ఊపిరి అయిపోతే నాబ్ కిందికి. మెషీన్‌కి ఊపిరి లేదు, అది గంటలకొద్దీ మోగగలదు, గొంతుకి అది కుదరదు. ఈ ఆట పదిహేను నిమిషాలు ఆడాక ఎలక్ట్రానిక్స్ వాళ్ళ వాయింపు తీరే మారిపోతుంది, నేను చాలాసార్లు చూశాను.

కాస్త చట్రం కావాలి, మరీ ఖాళీగా భయమేస్తోంది అనేవాళ్ళకి రకరకాల దారులున్నాయి. బొమ్మల స్కోరు: కార్నీలియస్ కార్డ్యూ అనే ఇంగ్లీషు స్వరకర్త 1963 నుంచి 67 దాకా గీసిన ట్రీటీజ్‌లో 193 పేజీలు గీతలు, వలయాలు, అంకెలే, ఎలా వాయించాలో ఒక్క సూచన లేదు. ఒక పేజీ తీసుకుని లావు గీత అంటే ఏంటో మీలో మీరే ఒప్పందం చేసుకోవచ్చు, లేదా మీరే ఒక కాగితం మీద గీసుకోవచ్చు, అది ఇంకా బావుంటుంది. చేతి సైగలు: బుచ్ మోరిస్ అనే అమెరికన్ సంగీతకారుడు 1985లో కండక్షన్ అని మొదలుపెట్టాడు, కండక్టర్ కర్రతో, చేతులతో సైగ చేస్తే ఆర్కెస్ట్రా అప్పటికప్పుడు తయారుచేస్తుంది. జాన్ జోర్న్ అనే అమెరికన్ స్వరకర్త 1984లో కట్టిన కోబ్రాలో కార్డులుంటాయి, అక్కడ గమ్మత్తు ఏంటంటే ఏ కార్డు చూపించాలో వాయించేవాళ్ళే సైగ చేసి కార్డులు పట్టుకున్న మనిషిని అడుగుతారు. మీకు అంత వద్దు. ఐదు సైగలు చాలు: మొదలు, ఆపు, పట్టుకో, ఇద్దరే ఉండండి, మళ్ళీ అదే. ఎవరు సైగ చెయ్యాలో పది నిమిషాలకోసారి మార్చండి.

నేను ఎక్కువగా వాడేది మాత్రం మాటల్లో రాసిన చిన్న సూచన. ఒకటి ఇక్కడ పెడుతున్నాను, కావాలంటే వాడుకోండి: "నీకు అందరికంటే తక్కువ వినపడుతున్న మనిషి ఎవరో వెతుకు. ఆ మనిషి స్పష్టంగా వినపడేదాకా నువ్వు తగ్గు. వినపడగానే ఇంకొకళ్ళని వెతుకు." మూడు వాక్యాలు, పన్నెండు నిమిషాలు హాయిగా నడుస్తుంది.

సాయంత్రం వరస

మొత్తం సంగీతం గంటంబావు దాటనివ్వకండి. తెలీని శబ్దాలు వినడం చెవికి చాకిరీ, డెబ్బై ఐదు నిమిషాలు అయ్యాక ఎంత గొప్పది వాయించినా లోపలికి పోదు. నేను వేసే వరస ఇలా ఉంటుంది: మైకు లేకుండా ఒక గొంతు, ఒక వాయిద్యం, పది నిమిషాలు. తర్వాత ఒక ఎలక్ట్రానిక్స్ సోలో, మెల్లగా ఉండేది, పది. తర్వాత ముగ్గురు, గొంతు ఒకటి ఉండేలా, పదిహేను. విరామం. ఆ తర్వాత సూచనలున్న ముక్క, ఐదుగురో ఆరుగురో. చివర్న గట్టిది, ఎవరికి గట్టిగా వాయించాలని ఉంటే వాళ్ళు, ఇరవై. గట్టిది ముందు పెడితే చెవి మొద్దుబారిపోతుంది, ఆ తర్వాత వచ్చే గుసగుస ఎవరికీ ఎక్కదు. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతా వరస మీ ఇష్టం.

ముక్క ముక్కకి మధ్య సామాను మార్చడానికి ఐదు నిమిషాలు పట్టేలా పెట్టుకోకండి, అన్నీ ముందే కనెక్ట్ అయ్యి మ్యూట్‌లో ఉండాలి.

ఎలా మొదలుపెట్టాలి అని ఎవరూ అడగరు, ఎలా ఆపాలి అనేదే అసలు తలనొప్పి. ఆగాల్సిన చోటు ఒక ముక్కలో రెండు మూడు సార్లు వస్తుంది, అందరికీ తెలుస్తుంది కూడా, కానీ ఎవడో ఒకడు ఇంకో చిన్న టింగ్ వేస్తాడు, దాంతో మళ్ళీ పది నిమిషాలు. దీనికి రెండు మందులు. ఒకటి, ఒక గడియారం అందరికీ కనపడేలా నేల మీద పెట్టండి, నిర్ణయించిన టైము దాటాక వచ్చే మొదటి నిశ్శబ్దమే ముగింపు. రెండు, నిశ్శబ్దం వచ్చాక పది సెకన్లు ఎవరూ చేతులు కదపకూడదు, వాయిద్యం దించకూడదు. ఆ పది సెకన్లలో జనానికి తెలిసిపోతుంది అయిపోయిందో లేదో. ఇంకోటి, ప్రతి ముక్కా మెల్లగా మొదలై, మధ్యలో ఉబ్బి, మెల్లగా చల్లారడం అలవాటైపోతుంది, ఇది ఈ సంగీతంలో పెద్ద జబ్బు. సగంలో పుటుక్కున ఆపడం కూడా ముగింపే అని రిహార్సల్లో ఒకసారి చేయించండి.

వాయించేటప్పుడు

ప్రతి క్షణం మీ ముందు నాలుగు దారులుంటాయి: కలవడం, ఎదురెళ్ళడం, పక్కన మీ దారిన మీరు పోవడం, ఊరుకోవడం. కొత్తవాళ్ళు మొదటిదే చేస్తారు, ఎవరో టకటకమంటే అందరూ టకటక. అది వినడం కాదు, కోరస్. నాలుగో దారి ఎవరూ పట్టరు, వచ్చినందుకు వాయించాలి కదా అని. ఇరవై నిమిషాల ముక్కలో ఎనిమిది నిమిషాలు ఊరుకున్న మనిషిని జనం గమనిస్తారు, తర్వాత ఆ మనిషి చేసే మొదటి శబ్దానికి గది మొత్తం తిరుగుతుంది.

వాయిద్యాల వాళ్ళకి ఒక చిట్కా, మామూలుగా పట్టుకునేలా పట్టుకోకండి. 1965లో లండన్‌లో మొదలైన ఏఎమ్ఎమ్ జట్టులో కీత్ రో గిటారుని టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెట్టి ఏవేవో వస్తువులతో వాయించేవాడు, అలా పడుకోబెట్టగానే చేతికి అలవాటైన గతులన్నీ ఎగిరిపోతాయి. మీ చెయ్యి మీకంటే ముందే పరుగెత్తకుండా ఉండటానికి ఏదో ఒక అడ్డం పెట్టుకోండి. గొంతు వాళ్ళకి ఆ ప్రమాదం మాటలతో వస్తుంది, ఒక్క అర్థమయ్యే మాట నోట్లోంచి రాగానే జనం చెవులు అర్థం వెంట పడిపోతాయి, శబ్దం వినడం మానేస్తారు. వాడొద్దు అనట్లేదు, దాని బరువు తెలిసి వాడండి.

వచ్చినవాళ్ళ సంగతి

మొదట్లో లేచి పది నిమిషాల ఉపన్యాసం ఇవ్వకండి, చచ్చిపోతుంది సాయంత్రం. రెండు వాక్యాలు చాలు: ఇది ముందు రాసుకున్నది కాదు, మధ్యలో వెళ్ళాలనిపిస్తే వెనక తలుపు నుంచి మెల్లగా వెళ్ళొచ్చు. ఈ రెండోది చెప్తే వింతగా ఎవరూ వెళ్ళరు. ఫ్లాష్, స్ట్రోబ్ లైట్లుంటే తలుపు దగ్గరే రాసి పెట్టండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, గొంతుతో చేసే వాటిల్లో కొన్ని నిజంగానే నవ్వొస్తాయి, వాయించేవాళ్ళు కూడా నవ్వొచ్చు. పిల్లలు వస్తే ముందు వరసలో కూర్చోబెట్టండి, వాళ్ళకి ఇది సంగీతమేనా అన్న సందేహం రాదు.

రికార్డింగ్, ఆ తర్వాత

అందర్నీ అడిగి, ఒప్పుకున్నాకే రికార్డు చెయ్యండి, బయట పెట్టాలంటే మళ్ళీ అడగండి. ఇద్దరు కలిసి అప్పటికప్పుడు చేసింది ఇద్దరిదీ, ఎవరి పేరు ఎలా వెయ్యాలో అప్పుడే రాసుకోండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, పెద్ద శబ్దం కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా లెవెల్ పెట్టుకోండి, ఈ సంగీతంలో గుసగుస తర్వాత ఏమొస్తుందో ఎవరికీ తెలీదు కాబట్టి ఆ ఖాళీ తప్పకుండా అవసరపడుతుంది. జనం మధ్యలో ఒక జత మైకులు, గొంతుకి విడిగా ఒక ట్రాకు, ఈ రెండూ ఉంటే మిగతావి లేకపోయినా పర్లేదు.

అదే రాత్రి వినకండి. రెండు వారాలు ఆగండి, ఎవరు ఏది వాయించారో మర్చిపోయేదాకా. అప్పుడు అందరూ కలిసి వింటూ, ఎవరికి ఏ నిమిషం దగ్గర ఎవరు వినపడలేదో కాగితం మీద టైము మాత్రం రాసుకోండి, పొగడ్తలు తిట్లు ఏమీ వద్దు, టైము చాలు. తర్వాత సాయంత్రానికి ఆ కాగితం ముందు పెట్టుకునే టేపు ముక్కలు ఎక్కడ అంటించాలో చూసుకుంటాం మేం. ఆ మొదటి కచేరీ రికార్డింగు కూడా నా దగ్గరుంది, చాలా ఏళ్ళ తర్వాత ఆ గాయని మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని విన్నాం. ఆవిడ పాడింది. 31వ నిమిషం దగ్గర, సాక్సోఫోన్ ఆయన రీడు తడుపుకోడానికి ఆగినప్పుడు, నాలుగు సెకన్లు.